వాల్యూమ్ 70 శాతం పెట్టుకోమంటే అందరికీ 65 డెసిబెల్స్ వస్తుందా?

రాదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి కూడా ఒకే లెవెల్ రాదు. అయినా మీ ప్రాజెక్టు ఆపుకోనక్కర్లేదు. కొలిచే పద్ధతి మార్చుకుంటే చాలు.

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్, డెంటింగ్, లేత్ పనులు చేసేవాళ్ళకి వినికిడి పరీక్ష పెడుతున్నారు. పని మానుకుని క్లినిక్‌కి రమ్మంటే రారు కాబట్టి, సాయంత్రం ఇంటికి వెళ్ళాక వాళ్ళ ఫోన్‌కే లింకు పంపి, వాళ్ళ ఇయర్‌ఫోన్స్‌లోనే వినిపిద్దామనుకుంటున్నారు. మాటల్ని 65 డెసిబెల్స్ దగ్గర వినిపించాలని మీ గైడ్ గారు అన్నారు. స్క్రీన్ మీద 'వాల్యూమ్ 70 శాతం పెట్టుకోండి' అని రాస్తే సరిపోతుందా, సౌండ్ మీటర్ యాప్‌తో కొలుచుకోమని చెప్పాలా అన్నది మీ సందేహం. నేను గుంటూరులో ఆడియాలజిస్టుని. ఇళ్ళ దగ్గర చేయించే పరీక్షలతో చాలాకాలంగా తంటాలు పడుతున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు 65 సంగతి. 20 మైక్రోపాస్కల్స్ అనే అతి చిన్న ఒత్తిడిని సున్నాగా పెట్టుకుని, గాలిలో ఒత్తిడి దానికన్నా ఎంత ఎక్కువుందో చెప్పే లెక్క అది. ఎదురుగా మీటరు దూరంలో కూర్చుని మామూలుగా మాట్లాడితే 60, 65 మధ్య ఉంటుంది. మీ గైడ్ గారు ఆ సంఖ్య చెప్పింది అందుకే అయుంటుంది. కానీ మీ ఆడియో ఫైల్లో గాలి ఒత్తిడి ఉండదు, అంకెలుంటాయి. ఫైల్లో సున్నా అంటే అంతకుమించి పోలేని గరిష్ఠం. మిగతావన్నీ దానికింద మైనస్ 10, మైనస్ 40 అని ఉంటాయి. ఆ మైనస్ 40 చెవిలో ఎన్ని డెసిబెల్స్ అవుతుందో తేల్చేది ఫోన్ వాల్యూమ్ మెట్టు, లోపలి యాంప్లిఫయర్, ఇయర్‌ఫోన్, ఆఖరికి అది చెవిలో ఎలా కూర్చుందన్నది. వీటిలో ఒక్కటీ మీ చేతిలో లేదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కి 15 మెట్లుంటాయి, ఐఫోన్‌లో 16. ఒక్కో మెట్టుకి ఎన్ని డెసిబెల్స్ పెరగాలో ఆ ఫోన్ కంపెనీ ఇష్టం. పైగా మీది బ్రౌజర్ లింకు. వాల్యూమ్ ఏ మెట్టులో ఉందో వెబ్ పేజీకి కనపడదు, ఇన్‌స్టాల్ చేసే యాప్ అయితేనే తెలుసుకోగలదు. పెట్టుకున్నారా అని అడిగితే 'పెట్టామండీ' అంటారు, అంతే. ఇక బీసెంట్ రోడ్డులో బండి మీద కొన్న ఇయర్‌ఫోన్ తీసి కంపెనీది పెడితే అదే ఫోన్లో అదే మెట్టు దగ్గర 10 డెసిబెల్స్ తేడా రావడం మామూలే. రబ్బరు టిప్ వదులుగా ఉంటే 250, 500 హెర్ట్జ్ లాంటి మంద్రమైన శబ్దాలు బయటికి కారిపోతాయి, కీచుగా ఉండే 4000 దగ్గర మాత్రం పెద్దగా తేడా కనపడదు.

సౌండ్ మీటర్ యాప్ ఆలోచన వదిలేయండి. ఇయర్‌ఫోన్‌ని ఫోన్ మైకు దగ్గర గాలిలో పట్టుకుంటే వచ్చే సంఖ్యకీ చెవిలోపల ఉండే లెవెల్‌కీ సంబంధం ఉండదు. లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్‌ని మేం కొలిచేటప్పుడు 2 ఘన సెంటీమీటర్ల ఖాళీ ఉన్న లోహపు కప్లర్‌కి బిగించి కొలుస్తాం, ఎందుకంటే చిన్న ఖాళీలో మూసిపెట్టిన శబ్దం వేరేలా పెరుగుతుంది. మీటర్ యాప్‌ని గదిలో చప్పుడు ఎక్కువుందా తక్కువుందా అని పోల్చుకోవడానికి మాత్రం వాడుకోవచ్చు.

మరేం చేయాలి? అసలు మీకేం తెలియాలో చూడండి. 'ఈయనకి 4000 హెర్ట్జ్ దగ్గర 45 డెసిబెల్స్ లోపం ఉంది' అని ఆడియోగ్రామ్ (క్లినిక్‌లో ఇచ్చే వినికిడి పట్టిక) మాదిరి రాయాలనుకుంటే ఈ దారిలో కుదరదు, ఎవరు ఏ చిట్కా చెప్పినా నమ్మకండి. ఎవరికి అనుమానం ఉంది, ఎవరిని పూర్తి పరీక్షకి పంపాలి అన్నది తేల్చాలంటే మాత్రం అసలు లెవెల్ తెలియకుండానే చేయొచ్చు. దానికి కిటుకు ఒక్కటే: లెవెల్ కొలవకండి, తేడా కొలవండి. ఒకే ఫోన్, ఒకే ఇయర్‌ఫోన్, ఒకే గది, ఒకే పూట తీసుకున్న రెండు కొలతల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మీకు తెలియనివన్నీ రెండు వైపులా కొట్టుకుపోతాయి.

దీన్ని ఆటోనగర్ వాళ్ళకి ఎలా వాడాలో చెబుతాను. రోజూ సుత్తి దెబ్బలు, గ్రైండర్ మోత వినేవాళ్ళ చెవి ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, 3000 నుంచి 6000 మధ్యలో. 1000 దగ్గర చాలాకాలం బాగానే ఉంటుంది. అందుకని ఒక మనిషిలోనే 1000కీ 4000కీ ఉన్న తేడా చూస్తే కథ సగం తెలుస్తుంది. మిగతా సగం ఇయర్‌ఫోన్ తాలూకు తేడా. చవక ఇయర్‌ఫోన్ 4000 దగ్గర దానంతటదే కుంగి ఉండొచ్చు, అప్పుడు తప్పు చెవిది అనుకుంటాం. అందుకే ఆ ఇంట్లోనే వినికిడి బాగున్న ఒక కుర్రాడికో అమ్మాయికో అదే ఫోన్, అదే ఇయర్‌ఫోన్‌తో ముందు పరీక్ష పెట్టండి. పదహారు, ఇరవై ఏళ్ళ వాళ్ళు, చెవిలో చీము, జలుబు లాంటివి లేనివాళ్ళు కావాలి. ఇయర్‌ఫోన్స్‌లో గంటల తరబడి పాటలు పెద్దగా వినే కుర్రాడు మాత్రం వద్దు.

ఉదాహరణకి ఆ కుర్రాడికి 1000 హెర్ట్జ్ టోన్ ఫైల్ లెక్కలో మైనస్ 66 దగ్గర, 4000 టోన్ మైనస్ 60 దగ్గర వినపడ్డం మొదలైందనుకోండి. తేడా 6, అది ఆ ఇయర్‌ఫోన్‌ది. తండ్రికి 1000 టోన్ మైనస్ 62 దగ్గర, 4000 టోన్ మైనస్ 30 దగ్గర వినపడింది. తేడా 32. అందులోంచి 6 తీసేస్తే 26. ఆ ఇరవయ్యారూ ఇయర్‌ఫోన్‌వి కావు, తండ్రి చెవివి. ఆయన్ని పంపించాలి. ఈ మొత్తం లెక్కలో చెవిలో ఎన్ని డెసిబెల్స్ పడ్డాయో మనకి అవసరమే రాలేదు చూడండి. కుర్రాడు ఒక్కడే కాబట్టి అతని కొలతలోనే 5, 10 అటూ ఇటూ ఉండొచ్చు. ఇంట్లో ఇద్దరు దొరికితే సగటు తీసుకోండి, తేడా 15 లోపు ఉంటే దాని మీద పెద్ద మాటలు రాయకండి.

టోన్ వినిపించే విధానం మామూలుదే: వినపడితే 10 తగ్గించండి, వినపడకపోతే 5 పెంచండి. కార్‌హార్ట్, జెర్గర్ 1959లో స్థిరపరిచిన పద్ధతి, ఇవాళ్టికీ క్లినిక్‌లో అదే చేస్తాం. ఎంపీ3 వాడకండి. సన్నటి శబ్దాల దగ్గర ఆ కుదింపు ఏం చేస్తుందో చెప్పలేం. వేవ్ ఫైల్ ఇవ్వండి, లేదా టోన్‌ని బ్రౌజర్‌లోనే పుట్టించండి. టోన్ మొదట్లో, చివర్లో 20 మిల్లీసెకండ్లన్నా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి, లేకపోతే 'టక్' మనే చప్పుడు విని నొక్కేస్తారు. మధ్యమధ్య ఏమీ వినిపించకుండా ఖాళీలు వదలండి. ఖాళీల్లో కూడా టకటకా నొక్కేవాళ్ళ ఫలితం పక్కన పెట్టేయొచ్చు. చివర్లో 1000 మళ్ళీ ఒకసారి అడగండి. మొదటిదానికీ దీనికీ 10 మించి తేడా వస్తే మధ్యలో వాల్యూమ్ కదిలిందనో, ఇయర్‌ఫోన్ జారిందనో అర్థం.

మాటల పరీక్షకి నా ఓటు నాయిస్‌లో అంకెలకే. వెనకాల హోరు పెట్టి మూడేసి అంకెలు చెప్పించి, విన్నవి ఫోన్ కీప్యాడ్ మీద నొక్కమంటాం. సరిగ్గా నొక్కితే హోరుతో పోల్చి మాటని తగ్గిస్తాం, తప్పితే పెంచుతాం. మాటా హోరూ ఒకే ఫైల్లో కలిసి ఉంటాయి కాబట్టి ఫోన్ వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి, నిష్పత్తి మారదు. నెదర్లాండ్స్‌లో దీన్ని 2000ల మొదట్లోనే టెలిఫోన్ మీద జనానికి పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ యాప్‌లో ఉన్నదీ ఇదే. రాయడం రాకపోయినా అంకెలు నొక్కగలిగితే చాలు, మీ వాళ్ళకి అది పెద్ద సౌకర్యం.

తెలుగులో చేసేటప్పుడు రెండు చిక్కులు. 'ఎనిమిది' పొడుగుని బట్టే దొరికిపోతుంది, హోరులో అక్షరాలు వినపడకపోయినా సరే. 'రెండు', 'మూడు', 'ఏడు' అనే మాటలు ఒకేలా ముగుస్తాయి, ఒకటి ఇంకొకటిగా వినపడుతుంది. కాబట్టి రికార్డు చేసిన అంకెల్ని ఒకే ఎత్తుకి సర్దితే సరిపోదు. ముందు వినికిడి బాగున్న కొందరికి వినిపించి, సులువుగా దొరికేదాన్ని కాస్త తగ్గించి, కష్టంగా దొరికేదాన్ని కాస్త పెంచి సమానం చేయాలి. రెండో చిక్కు, మన దగ్గర ఫోన్ నంబరు తెలుగులో ఎవరు చెబుతున్నారు? షెడ్డులో పనిచేసే పెద్దాయన కూడా 'నైన్ ఫోర్ డబుల్ ఎయిట్' అనే అంటాడు. ఇంగ్లిష్ అంకెలతో ఇంకో సెట్టు చేసుకుని, ఏది అలవాటో మనిషినే అడిగి పెట్టండి. సెట్టుకో ప్రమాణం వేరుగా ఉంచుకోవాలి, రెండిటినీ కలిపి సగటు తీయకూడదు. శబ్దకాలుష్యం వల్ల వచ్చే లోపాన్ని పట్టుకోవాలంటే హోరులో పై ఫ్రీక్వెన్సీలు తగ్గించి వాడితే పరీక్ష ఇంకా పదునుగా ఉంటుంది. ఎందుకంటే వాళ్ళకి లోపం ఉన్నది అక్కడే, మామూలు చెవికి ఆ జాగాలో మాట స్పష్టంగా దొరుకుతుంది, దెబ్బతిన్న చెవికి దొరకదు.

ఈ పరీక్షకి లెవెల్ పెట్టించడం సులభం. అసలు పరీక్షలో ఉండే మాటల ఎత్తులోనే ఒక అర నిమిషం మాటలు వినిపించి, 'ఎదుటి మనిషి మాట్లాడుతున్నట్టు హాయిగా వినపడేదాకా పెంచుకోండి, తర్వాత ముట్టుకోకండి' అనండి. ఒకరు 60 దగ్గర ఆపుతారు, ఒకరు 72 దగ్గర, పరవాలేదు. ఒక లోటు ఉంది. చెవిలో గుమిలి పేరుకునో, కర్ణభేరికి చిల్లు పడో వచ్చే లోపాన్ని ఈ పరీక్ష చాలావరకు వదిలేస్తుంది. వాల్యూమ్ పెంచుకోగానే వాళ్ళకి అంతా బాగానే వినపడుతుంది కాబట్టి. దానికి విరుగుడుగా అంకెల్ని రెండు చెవులకీ వ్యతిరేక ఫేజ్‌లో, అంటే ఒక చెవికి శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి ఇచ్చే పద్ధతి వచ్చింది, ఒక చెవి లోపాన్ని, ఇలాంటి లోపాన్ని అది మెరుగ్గా పట్టుకుంటుంది.

ఇంకో పద్ధతి గురించి కూడా వినే ఉంటారు: సన్నటి శబ్దం వినీవినపడనట్టు ఉండేదాకా వాల్యూమ్ సర్దుకోమని, అక్కడి నుంచి 40 డెసిబెల్స్ పైన పరీక్ష పెట్టడం. కాలేజీ కుర్రాళ్ళ మీద చేసే ప్రయోగాలకి బాగుంటుంది. మీ వాళ్ళకి వద్దంటాను. శబ్దంతో దెబ్బతిన్న చెవికి వినపడడం మొదలయ్యే లెవెల్ పైకి పోతుంది కానీ భరించలేని లెవెల్ దాదాపు పాతచోటే ఉంటుంది. 60 దగ్గర వినపడ్డం మొదలైన మనిషికి ఇంకో 40 కలిపితే 100, ఆ దెబ్బకి ఇయర్‌ఫోన్ పీకి పారేస్తాడు. గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే బాగున్న చెవికి కూడా ఇదే జరుగుతుంది: వినపడ్డం ఆలస్యంగా మొదలవుతుంది, ఆ మొదలు మీద మనం ఇంకో 40 మోపుతాం.

ఏ పద్ధతైనా ఫైల్లో ఒక గరిష్ఠ హద్దు పెట్టి, అది దాటకుండా ప్రోగ్రామ్‌లోనే కట్టేయండి. ఎప్పుడూ సన్నగా మొదలెట్టండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు 85 డెసిబెల్స్ 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. మన పరీక్ష నిమిషాలే కాబట్టి మొత్తం మోతాదు గురించి టెన్షన్ లేదు, ఉన్నట్టుండి పడే పెద్ద శబ్దం గురించే.

డబ్బులుంటే నేను చేయమనేది ఇది: ఒకే మోడల్ ఇయర్‌ఫోన్స్ కొని ఇంటికో జత ఇచ్చేయండి, వాటిలో కొన్నిటిని కప్లర్ మీద కొలిపించుకోండి. యూఎస్‌బీ-సీ రకంలో శబ్దాన్ని మార్చే చిప్ కూడా ఇయర్‌ఫోన్‌లోనే ఉండేవి దొరుకుతాయి. వాటితో ఫోన్ ఏదన్నది చాలావరకు పట్టింపు ఉండదు. వాల్యూమ్ పూర్తిగా పెంచమని, లెవెల్ అంతా ఫైల్లోనే తగ్గించుకుంటే మెట్ల గొడవ కూడా పోతుంది. కానీ అలా చేస్తే డు నాట్ డిస్టర్బ్ పెట్టించడం, అయిపోగానే వాల్యూమ్ తగ్గించమని స్క్రీన్ మీద పెద్దక్షరాలతో చెప్పడం తప్పనిసరి. పరీక్ష అవగానే ఆ మనిషి యూట్యూబ్ తెరిచాడంటే చెవి పగిలిపోతుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దని ముందే చెప్పండి. నిశ్శబ్దంగా ఉండగానే అవి నిద్రలోకి జారుకుంటాయి, తర్వాత వచ్చే టోన్ మొదటి ముక్క మింగేస్తాయి. అన్నిటికన్నా మోసం మైకు. మీ పేజీ మైకు అనుమతి అడిగి తెరిచిందంటే బ్లూటూత్ ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, శబ్దం మోనో అవుతుంది, పై ఫ్రీక్వెన్సీలు కోసుకుపోతాయి. మీరు వెతుకుతున్న 4000 కూడా అక్కడే పోవచ్చు. వేరే ఇయర్‌ఫోన్స్ లేవంటే బ్లూటూత్ వాళ్ళ ఫలితాల్ని విడిగా గుర్తు పెట్టుకోండి. వైరుదైనా సరే డాల్బీ, ఈక్వలైజర్, మోనో ఆడియో ఆపించాలి. శామ్‌సంగ్ ఫోన్లలో 'అడాప్ట్ సౌండ్', ఐఫోన్లలో 'హెడ్‌ఫోన్ అకామడేషన్స్' అనేవి వినికిడి లోపాన్ని సర్దడానికే పెట్టినవి. అవి ఆన్‌లో ఉంటే మీ పరీక్ష పట్టుకోవాల్సినదాన్ని ఫోనే సరిచేసి పెడుతుంది.

అసలు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారా, ఫోన్ స్పీకర్‌లో వింటున్నారా అన్నది కూడా చూసుకోవాలి. 2017లో వుడ్స్, మెక్‌డర్మాట్ బృందం ఇచ్చిన పరీక్ష ప్రసిద్ధం. 200 హెర్ట్జ్ టోన్లు మూడు వినిపించి అన్నిటికన్నా సన్నగా ఉన్నది ఏదని అడుగుతారు. ఒకటి నిజంగానే 6 డెసిబెల్స్ తక్కువ, ఇంకొకటి ఒక చానెల్లో మామూలుగా, రెండో చానెల్లో తలకిందులుగా ఉంటుంది. స్పీకర్లలో ఆ తలకిందులుది గాలిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని అదే సన్నగా వినపడుతుంది, మనిషి తప్పు చెబుతాడు. ఆరింటిలో ఐదు సరిగ్గా చెబితే పాస్. 2021లో హగ్గిన్స్ పిచ్ (రెండు చెవులకీ కాస్త తేడాతో ఇచ్చిన హోరు కలిస్తేనే వినపడే స్వరం) మీద ఆధారపడిన ఇంకో పరీక్ష వచ్చింది, స్పీకర్‌ని పట్టుకోవడంలో ఇంకా గట్టిది. కానీ దానికి రెండు చెవులూ కలిసి పనిచేయాలి. ఒక చెవి బాగా దెబ్బతిన్నవాడు అందులో ఫెయిలవుతాడు, అంటే మీరు వెతుక్కుంటూ వచ్చిన మనిషినే గుమ్మంలోంచి పంపించేస్తారు. మొదటిదాంట్లో ఆ ఇబ్బంది లేదు, అయితే ఒక్క ఇయర్‌బడ్ పెట్టుకున్నవాడు కూడా పాసవుతాడు. అందుకని దానికి తోడు ఒక మాట ఎడమలో, ఒక మాట కుడిలో మాత్రమే వినిపించి ఏ చెవిలో ఏం విన్నారో అడగండి. ఒక వైపు మూగబోయిన ఇయర్‌ఫోన్ నెలల తరబడి వాడుకునేవాళ్ళు మనలో ఎంతమందో!

సాయంత్రం పరీక్ష అన్నారు కదా, అది మార్చండి. రోజంతా మోతలో ఉన్న చెవి సాయంత్రానికి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది, మీకు శాశ్వత లోపంలా కనపడుతుంది. పరిశ్రమల్లో మొదటి ఆడియోగ్రామ్ తీసేటప్పుడు ముందు 14 గంటలు పని మోతకి దూరంగా ఉండాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన. సెలవు రోజు పొద్దున్న పెట్టుకుంటే ఇది దానంతటదే కుదురుతుంది. ఇంకో లాభం, పొద్దున్నే ఫ్యాన్ ఆపమంటే ఆపుతారు. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం పూట ఫ్యాన్, కూలర్ ఆపమనడం జరిగే పని కాదు. ఆపకపోయినా మీకు పెద్ద నష్టం లేదు, ఫ్యాన్ హోరు కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. 250, 500 మానేసి 1000, 2000, 4000 మీదే ఉండండి. 6000, 8000 కూడా వద్దు, అక్కడ ఇయర్‌ఫోన్ కొంచెం కదిలినా కొలత మారిపోతుంది.

ఫోన్ మోడల్, ఇయర్‌ఫోన్ రకం, వైరా బ్లూటూతా, వాల్యూమ్ మెట్టు, ఫ్యాన్ ఆన్‌లో ఉందా, చివరిసారి పని ఎప్పుడు చేశారు అన్నవి ప్రతి మనిషికీ నమోదు చేయండి. థీసిస్‌లో 65 డెసిబెల్స్ అని గానీ డీబీ హెచ్ఎల్ (ఆడియోమీటర్ మీద వాడే వినికిడి కొలమానం) అని గానీ రాయకండి. 'హాయిగా వినపడేలా ఎవరికి వారు సర్దుకున్న లెవెల్' అనీ, టోన్లకి 'అదే పరికరంపై ఇంట్లోని ప్రమాణ వ్యక్తితో పోల్చిన తేడా' అనీ రాయండి. పరీక్షకులు ఒప్పుకుంటారు. గైడ్ గారు ఇంకా పట్టుబడితే, తేడా బయటపడ్డ కొందరిని, పడని కొందరిని మామూలు ఆడియోమీటర్ మీద కూడా పరీక్షింపజేసి రెండూ పక్కపక్కన చూపించండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో అడిగి చూడండి.

ఇంతమందిని పలకరిస్తున్నారు కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి. 'రెండ్రోజుల నుంచి ఈ చెవి ఉన్నట్టుండి వినపడటం లేదు' అని ఎవరైనా చెబితే లింకు పంపకండి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపండి. దానికి మందు మొదలయ్యే రోజుల మీదే అంతా ఆధారపడి ఉంటుంది.